పెన్ డ్రైవు: తుడిచే ముందు, తుడిచిన తర్వాత



ఇదివరకు మన పొదుపు సంఘం లెక్కలన్నీ పుస్తకాల్లోనే ఉండేవి. తీర్మానాల పుస్తకం, పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం. వాటిని రేకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లం. తాళం చెవి లీడరు దగ్గర ఉండేది. పుస్తకాలు ఇప్పుడూ ఉన్నాయి. వాటితో పాటు ఇంకో వస్తువు కూడా వచ్చింది. అది చిటికెన వేలంత ఉంటుంది. కొన మీద ఇనప మూతి ఉంటుంది. దాన్ని కంప్యూటరుకు గుచ్చుతారు. దాని పేరు పెన్ డ్రైవు.

చూడటానికి చిన్నది. కడుపు మాత్రం పెద్దది. ఇదివరకు కంప్యూటరు వాళ్లు ఫ్లాపీ అనే పలక లాంటి బిళ్ల వాడేవాళ్లు. 16 జీబీ పెన్ డ్రైవు ఒక్కటి దాదాపు 11 వేల ఫ్లాపీలతో సమానం. సంఘం లెక్కలు, సభ్యుల ఫొటోలు, ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, పాటలు, సినిమాలు, అన్నీ అందులో పడతాయి. పెన్ డ్రైవులు 2000వ సంవత్సరంలో అమ్మకానికి వచ్చాయి. లోపల ఉండే చిప్పుకు మూలమైన ఫ్లాష్ మెమరీని జపాన్‌లో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా కనిపెట్టాడు. 1984లో దాని గురించి లోకానికి చెప్పాడు. కరెంటు తీసేసినా అది రాసుకున్నది మరిచిపోదు. అదే దాని గొప్ప.

ఇంత చిన్న వస్తువులో ఇంత సరుకు ఉన్నప్పుడు ఒక్క మీట తప్పు నొక్కినా నష్టం పెద్దదే. అందుకే ఈ పాఠం.

నెట్ సెంటరులో ఏమన్నారు?

ఒక ఊళ్లో మహిళా సంఘం ఉంది అనుకుందాం. లీడరమ్మ సంఘం పెన్ డ్రైవు పట్టుకుని మండలం ఊళ్లో నెట్ సెంటరుకు వెళ్లింది. బ్యాంకు అప్పు కాగితాలు అచ్చు తీయించాలి. అక్కడి అబ్బాయి పెన్ డ్రైవు పెట్టి చూశాడు. "అమ్మా, దీంట్లో వైరస్ ఉంది. ఫోల్డర్లు తెరుచుకోవటం లేదు. ఫార్మాట్ కొట్టేయాలి" అన్నాడు.

"ఫార్మాట్ అంటే?" అని అడిగింది లీడరమ్మ.

"అంతా తుడిచేయటం. కొత్తదానిలా అవుతుంది."

"మరి లోపల ఉన్నవి?"

"పోతాయి" అన్నాడు ఆ అబ్బాయి.

లీడరమ్మ ఒప్పుకోలేదు. పెన్ డ్రైవు కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చింది. ఆ పని చాలా మంచిది. తెలియని పనికి తల ఊపకపోవటం కూడా చదువులో భాగమే.

సాయంత్రం సంఘం మీటింగు జరిగింది. లీడరమ్మ చెల్లెలి కూతురు డిగ్రీ చదువుతోంది. తన లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

అమ్మాయి: పెద్దమ్మా, ఏదీ ఆ పెన్ డ్రైవు? ఇటివ్వు. నా కంప్యూటరులో లినక్స్ ఉంది. దీంట్లో పెట్టి చూద్దాం.

లీడరమ్మ: లినక్సా? అదేం కంపెనీ?

అమ్మాయి: కంపెనీ కాదు పెద్దమ్మా. కంప్యూటరు యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. చాలామంది కంప్యూటర్లలో విండోస్ ఉంటుంది. నా దాంట్లో లినక్స్ ఉంది.

లినక్స్ కథ చిన్నది. 1991లో ఫిన్లాండ్ దేశంలో, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి దాన్ని మొదలుపెట్టాడు. తాను రాసింది దాచుకోలేదు. అందరికీ ఇచ్చాడు. దేశదేశాల వాళ్లు చేయి వేసి పెంచారు. ఊరంతా కలిసి చెరువు పూడిక తీసినట్టు అన్నమాట. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఎవరికైనా పంచిపెట్టవచ్చు. దాని గుర్తు పెంగ్విన్ పక్షి. కేరళలో సర్కారు బడుల పిల్లలు ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేరు మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. మన ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో బాస్ అనే భారతీయ లినక్సును విడుదల చేసింది. తెర మీద మాటలు తెలుగులో కనపడేలా చేయటానికి హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు పనిచేశారు. అక్షరం నేర్చుకున్న మనకు ఈ చివరి సంగతి ముఖ్యం. తెర మీద తెలుగు ఉంటే సగం భయం పోతుంది.

పోయాయనుకున్నవి కనిపించాయి

అమ్మాయి పెన్ డ్రైవును లాప్‌టాప్‌కు గుచ్చింది. తెర మీద దాని బొమ్మ వచ్చింది. తెరిచింది. లోపల చాలా పేర్లు కనిపించాయి.

అత్త: అదేంటే! అవి మన ఫోల్డర్లే కదా! 'సభ్యుల ఫొటోలు' అని నేను చదవగలుగుతున్నాను. నెట్ సెంటరులో పోయాయి అన్నాడే?

అమ్మాయి: పోలేదు అత్తా. దాక్కున్నాయి. ఒక రకం వైరస్ ఉంది. అది విండోస్ కంప్యూటరులో మన ఫోల్డర్లను దాచేస్తుంది. వాటి స్థానంలో దొంగ గుర్తులు పెడుతుంది. మనం దొంగ గుర్తు మీద నొక్కితే వైరస్సే నడుస్తుంది. లినక్స్ ఆ దాచుడును పట్టించుకోదు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. కొన్నిసార్లు పేరు లేని ఫోల్డరు ఒకటి కనిపిస్తుంది. అసలు సరుకంతా దాని లోపల ఉంటుంది.

అత్త: అయితే నీ కంప్యూటరుకు వైరస్ అంటుకోదా?

అమ్మాయి: విండోస్ కోసం రాసిన వైరస్ లినక్స్‌లో మామూలుగా నడవదు. అలాగని లినక్స్‌కు ఏ వైరస్సూ రాదని అనకూడదు. ఇంకో మాట. ఇక్కడ నడవకపోయినా అది పెన్ డ్రైవులో కూర్చునే ఉంటుంది. రేపు నెట్ సెంటరులో పెడితే మళ్లీ లేస్తుంది. అందుకని ముందు మన సరుకు బయటికి తీసుకుందాం. తర్వాత తుడుద్దాం.

చూశారా! నెట్ సెంటరు అబ్బాయి చెప్పిన మందు సరైనదే. వరస తప్పింది. ముందు తీసుకోవాలి, తర్వాత తుడవాలి. గాదె అలకాలంటే ముందు గింజలు బయటికి తోడుకుంటాం కదా! గింజల మీద పేడనీళ్లు చల్లం.

అమ్మాయి ఫోల్డర్లన్నీ లాప్‌టాప్‌లోకి నకలు తీసింది. దొంగ గుర్తులను, తెలియని పేర్లున్న వాటిని తీసుకోలేదు. తర్వాత పెన్ డ్రైవులో ఎన్ని ఫొటోలు ఉన్నాయో, లాప్‌టాప్‌లోకి ఎన్ని వచ్చాయో లెక్క చూసింది. నాలుగైదు తెరిచి చూపించింది. ఒక ఫొటో దగ్గర అత్త "ఆగు, ఆగు" అంది. అది వాళ్లమ్మ ఫొటో. పింఛను కాగితాల కోసం తీసినది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆ ఫొటో ఇంకెక్కడా లేదు. అత్త కాసేపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత "దీన్ని రెండు చోట్ల పెట్టవే" అంది.

రెండు చోట్ల పెట్టటం అనేది అందరూ చేయవలసిన పని. పెన్ డ్రైవు శాశ్వతం కాదు. పోవచ్చు, విరగవచ్చు, నీళ్లలో పడవచ్చు. ఏళ్ల తరబడి వాడకుండా పెట్టెలో పెడితే లోపలి రాత మెల్లగా చెరిగిపోవచ్చు కూడా. ముఖ్యమైన కాగితానికి ఒక నకలు కంప్యూటరులో, ఒక నకలు పెన్ డ్రైవులో ఉండాలి. ఒక్క పెన్ డ్రైవునే నమ్ముకుని ఊరుకునే సంఘాలు చాలా ఉన్నాయి. అది ఒకే తాడు మీద బిందె దించటం లాంటిది.

ఫార్మాట్ అంటే ఏమిటి?

పొలం ఊహించుకోండి. పెన్ డ్రైవు లోపలి చోటంతా పొలం. పొలానికి గట్లు వేసి మళ్లు చేస్తాం. పెన్ డ్రైవులో ఒక్కో మడిని పార్టిషన్ అంటారు. మామూలుగా పెన్ డ్రైవులో ఒకే పెద్ద మడి ఉంటుంది. ఏ మడిలో ఏ పంట ఉందో ఊళ్లో ఒక పుస్తకంలో రాసి ఉంటుంది. ఆంధ్రలో దాన్ని అడంగల్ అంటాం. తెలంగాణలో పహాణీ అంటారు. పెన్ డ్రైవులోనూ అలాంటి పుస్తకం ఉంటుంది. ఏ ఫొటో ఎక్కడ ఉంది, ఏ లెక్క ఎక్కడ ఉంది అని అందులో రాసుకుంటుంది.

ఫార్మాట్ చేయటం అంటే ఆ పాత అడంగల్ తీసేసి కొత్త అడంగల్ పెట్టటం. కొత్త పుస్తకంలో "పొలమంతా ఖాళీ" అని రాసి ఉంటుంది. కాబట్టి కంప్యూటరు ఖాళీ అనుకుంటుంది.

లీడరమ్మ: అయితే పుస్తకం మారింది కాని, పంట పొలంలోనే ఉందన్నమాట!

అమ్మాయి: సరిగ్గా పట్టుకున్నావు పెద్దమ్మా!

అవును. మామూలు ఫార్మాట్‌లో పాత సరుకు చాలావరకు లోపలే ఉంటుంది. కనిపించదు, అంతే. దాని మీద కొత్త సరుకు పడినప్పుడు పాతది చెరుగుతుంది. దీని నుంచి రెండు సంగతులు తెలుస్తాయి.

మొదటిది మేలు చేసే సంగతి. పొరపాటున ఫార్మాట్ చేశారనుకోండి. ఏడవకండి. వెంటనే పెన్ డ్రైవును పక్కన పెట్టండి. దాంట్లో కొత్తగా ఏమీ వేయవద్దు. లినక్స్‌లో ఫొటోరెక్ అనే ప్రోగ్రాము ఉంది. అది ఉచితం. అడంగల్ లేకపోయినా పొలంలో తిరిగి, ఫొటోలను, కాగితాలను వెతికి తీస్తుంది. తీసినవాటిని వేరే చోట పెట్టించాలి, అదే పెన్ డ్రైవులో పెట్టించకూడదు. పాత పేర్లు మాత్రం మామూలుగా రావు. అన్నీ దొరుకుతాయన్న హామీ కూడా లేదు.

రెండవది కీడు చేసే సంగతి. మీరు తుడిచాం అనుకుని పెన్ డ్రైవును ఇంకొకరికి ఇచ్చారనుకోండి. తెలిసినవాడు అదే ప్రోగ్రాముతో మీ ఆధార్ నకళ్లు, ఫొటోలు బయటికి తీయగలడు. ఆడవాళ్ల ఫొటోలు ఉన్న పెన్ డ్రైవును మామూలుగా తుడిచి చేతులు మార్చవద్దు. ఈ సంగతి కిందికి వెళ్లాక మళ్లీ చెప్పుకుందాం.

ఏ పుస్తకం పెట్టాలి?

అడంగల్ రాసే పద్ధతులు చాలా ఉన్నాయి. ఫార్మాట్ చేసేటప్పుడు కంప్యూటరు "ఏ పద్ధతి కావాలి?" అని అడుగుతుంది. మీరు చెప్పాలి.

ఫ్యాట్ అనే పద్ధతి పాతది. ఫ్యాట్ 32 అనే రకం 1996లో వచ్చింది. లినక్స్, విండోస్, టీవీ, ఆటోలో పాటల పెట్టె, జిరాక్స్ షాపు యంత్రం, దాదాపు అన్నీ దీన్ని చదువుతాయి. దీనికి ఒక లోపం ఉంది. ఒక్కో ఫైలు 4 జీబీ దాటితే పట్టదు. పెన్ డ్రైవులో ఎంత చోటు ఉన్నా సరే, "పట్టదు" అంటుంది. పెద్ద సినిమా ఎక్కకపోవటానికి చాలాసార్లు ఇదే కారణం. పెన్ డ్రైవు పాడైందని కొత్తది కొనేవాళ్లను చూస్తుంటాం.

ఎక్స్‌ఫ్యాట్ అనేది మైక్రోసాఫ్ట్ కంపెనీ 2006లో తెచ్చిన పద్ధతి. 4 జీబీ అడ్డు దీనికి లేదు. ఇదివరకు లినక్స్‌లో దీనికి విడిగా ప్రోగ్రాము పెట్టుకోవలసి వచ్చేది. 2019లో లినక్స్‌లోనే చేర్చారు. పెళ్లి వీడియోలాంటి పెద్ద ఫైళ్లకు ఇది మంచిది. పాత టీవీలు కొన్ని దీన్ని చదవలేవు.

ఈఎక్స్‌టీ 4 అనేది లినక్స్ సొంత పద్ధతి. లినక్స్‌లో బాగా పనిచేస్తుంది. నెట్ సెంటరులో విండోస్ కంప్యూటరుకు పెడితే మాత్రం అది చదవలేదు. పైగా "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. అక్కడ "సరే" నొక్కితే కొంప మునుగుతుంది.

సంఘం లెక్కలకు, సర్టిఫికెట్లకు ఫ్యాట్ చాలు. ఇంత చర్చ అక్కర్లేదు అనుకునేవాళ్లు అది ఒక్కటి గుర్తు పెట్టుకోండి.

ఇక పని మొదలుపెడదాం

అమ్మాయి ఒక్కో మెట్టూ చెప్పింది. లీడరమ్మ తన చేత్తోనే చేసింది. మీరూ అలాగే చేయండి. పక్కన తెలిసినవాళ్లు ఉంటే మంచిదే. మౌస్ మాత్రం మీ చేతిలో ఉండాలి.

ముందుగా కంప్యూటరుకు తగిలించి ఉన్న వేరే పెన్ డ్రైవులు, ఫోన్లు, కార్డులు తీసేయండి. తుడవవలసింది ఒక్కటే ఉండాలి.

లినక్స్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రాము ఉంటుంది. చాలా లినక్స్ కంప్యూటర్లలో ముందే ఉంటుంది. కీబోర్డు కింది వరసలో కిటికీ బొమ్మ ఉన్న మీట నొక్కండి. వెతికే గడి వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో డి, ఐ, ఎస్, కె, ఎస్ అని కొట్టండి. ప్రోగ్రాము బొమ్మ కనిపిస్తుంది. తెరవండి.

ఎడమ వైపు ఒక పట్టీ ఉంటుంది. కంప్యూటరుకు ఉన్న డిస్కులన్నీ అందులో ఉంటాయి. ఒకటి కంప్యూటరు లోపలి డిస్కు. అంటే దాని గుండెకాయ. ఇంకొకటి మన పెన్ డ్రైవు. ఏది ఏదో తేల్చుకోవాలి. ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. లోపలి డిస్కును ఎంచుకుని ఫార్మాట్ చేస్తే అందులో ఉన్న పిల్లల చదువులు, ఫొటోలు, అన్నీ పోతాయి.

అత్త: పేరు చూస్తే తెలియదా?

అమ్మాయి: పేరును నమ్మకూడదు అత్తా. లినక్స్ డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు పెడుతుంది. పాత కంప్యూటర్లలో ఎస్‌డీఏ అంటే మామూలుగా లోపలి డిస్కు. ఎస్‌డీబీ అంటే పెన్ డ్రైవు. కొత్త కంప్యూటర్లలో లోపలి డిస్కుకు ఎన్‌వీఎంఈ అని మొదలయ్యే పేరు ఉండవచ్చు. అప్పుడు పెన్ డ్రైవే ఎస్‌డీఏ అవుతుంది. రేపు వేరే కంప్యూటరులో పేరు మారిపోతుంది.

లీడరమ్మ: మరెట్లా?

అమ్మాయి: సైజు చూడాలి. మన పెన్ డ్రైవు మీద 16 అని రాసి ఉంది. పట్టీలో 16 జీబీ ఎక్కడ ఉందో చూడు. ఇంకా అనుమానం ఉంటే పెన్ డ్రైవు పీకి చూడు. పట్టీలో ఏ పేరు మాయమైతే అదే పెన్ డ్రైవు. మళ్లీ గుచ్చు. ఆ పేరు మళ్లీ వస్తుంది.

ఇది తిరుగులేని గుర్తు. పీకే ముందు పెన్ డ్రైవులోకి ఏదీ నకలు జరుగుతూ ఉండకూడదు. దాని పేరు పక్కన ఉన్న బాణం గుర్తు నొక్కి, తర్వాత పీకండి.

పెన్ డ్రైవు పేరు మీద నొక్కితే కుడి వైపు ఒక పొడుగాటి గడి బొమ్మ వస్తుంది. అదే మన మడి. దాని మీద నొక్కండి. బొమ్మ కింద చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. పళ్ల చక్రం గుర్తు నొక్కితే చిన్న జాబితా వస్తుంది. అందులో 'ఫార్మాట్ పార్టిషన్' అన్నది ఎంచుకోండి.

ఇప్పుడు పేరు అడుగుతుంది. పెన్ డ్రైవుకు ఒక పేరు పెట్టండి. ఇంగ్లీషు అక్షరాలతో పెడితే ఏ యంత్రంలోనూ చిక్కు రాదు. ఫ్యాట్ పద్ధతిలో పేరు 11 అక్షరాలకు మించకూడదు. లీడరమ్మ సంఘం పేరు పెట్టించింది. తర్వాత పద్ధతి అడుగుతుంది. అన్ని యంత్రాలకూ పనికొచ్చేది ఫ్యాట్. దాన్ని ఎంచుకోండి. ఎక్స్‌ఫ్యాట్ కావాలంటే 'ఇతరములు' అన్న అర్థం వచ్చే మాట కింద వెతకాలి.

అక్కడే ఇంకో మీట ఉంటుంది. పూర్తిగా చెరిపేయాలా అని అడుగుతుంది. మన పెన్ డ్రైవు మన దగ్గరే ఉంటుంది కాబట్టి అక్కర్లేదు. అలాగే వదిలేయండి.

'తర్వాత' మీట నొక్కితే కంప్యూటరు ఒక హెచ్చరిక చూపిస్తుంది. ఏ డిస్కు, ఎంత సైజు అనేవి అందులో ఉంటాయి. ఇక్కడ ఆగండి. అక్షరం అక్షరం చదవండి. గొంతెత్తి చదివినా ఫర్వాలేదు. 16 జీబీ అని ఉందా? మన పెన్ డ్రైవు కంపెనీ పేరు ఉందా? ఉంటే 'ఫార్మాట్' నొక్కండి. లేకపోతే రద్దు చేసి మొదటికి రండి. తొందరేమీ లేదు, రైలు తప్పిపోదు.

కొన్ని సెకన్లలో పని అయిపోతుంది. గడి బొమ్మలో కొత్త పేరు కనిపిస్తుంది.

కొందరు పిల్లలు నల్ల తెర మీద ఆజ్ఞలు కొట్టి ఇదే పని చేస్తారు. దాన్ని టెర్మినల్ అంటారు. ఎల్, ఎస్, బి, ఎల్, కె అని కొడితే డిస్కుల పట్టీ వస్తుంది. దాంతో పని తొందరగా అవుతుంది. కాని నల్ల తెర చాలాసార్లు "నిజంగా తుడవమంటారా?" అని అడగదు. చెప్పిందే తడవు తుడిచేస్తుంది. ఒక్క అక్షరం తేడా వస్తే లోపలి డిస్కు పోవచ్చు. చేయి తిరిగేదాకా బొమ్మల దారే మేలు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పెన్ డ్రైవుతో ఎవరైనా ఇంతకు ముందు కంప్యూటరులో లినక్స్ ఎక్కించి ఉంటే దాంట్లో రెండు మూడు మళ్లు పడి ఉంటాయి. 16 జీబీ పెన్ డ్రైవు చిన్నదిగా కనిపిస్తుంది. అప్పుడు ఒక్క మడిని కాదు, డిస్కునంతా ఫార్మాట్ చేయాలి. పై మూలన మూడు చుక్కల గుర్తులో 'ఫార్మాట్ డిస్క్' ఉంటుంది. గట్లన్నీ పోతాయి. తర్వాత కూడిక గుర్తు నొక్కి, కొత్తగా ఒకే మడి చేసుకోవాలి.

పీకే పద్ధతి

అమ్మాయి సంఘం ఫోల్డర్లను మళ్లీ పెన్ డ్రైవులోకి నకలు తీసింది. తెర మీద పని అయిపోయినట్టు కనిపించింది. లీడరమ్మ పీకబోయింది.

అమ్మాయి: ఆగు పెద్దమ్మా! అయిపోయినట్టు కనిపిస్తుంది. ఇంకా అవ్వలేదు.

లినక్స్ కొంత సరుకును ముందు తన దగ్గర పెట్టుకుంటుంది. తర్వాత మెల్లగా పెన్ డ్రైవులోకి దించుతుంది. బండి మీద బస్తాలు ఇంకా ఉండగానే గిడ్డంగి తలుపు మూసేస్తే ఎలా? పేరు పక్కన ఉన్న బాణం గుర్తు నొక్కాలి. మిగిలిన సరుకు దించేసి, "ఇక తీయవచ్చు" అని తెర మీద చెబుతుంది. అప్పుడు తీయాలి. ఫైళ్లు తెరుచుకోవటం లేదని వచ్చే పెన్ డ్రైవుల్లో చాలా వాటికి ఈ తొందరే జబ్బు.

16 అని రాసి 14.9 ఇచ్చారేం?

నెట్ సెంటరులో విండోస్ కంప్యూటరు 16 జీబీ పెన్ డ్రైవును 14.9 అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడా? లేదు. ఇది కొలత తేడా. కంపెనీ వాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారు. విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. ఒకే గుడ్డను మీ మూరతో కొలిస్తే ఒక అంకె వస్తుంది, మీ ఆయన మూరతో కొలిస్తే ఒక అంకె వస్తుంది. గుడ్డ మాత్రం అదే. లినక్స్‌లో డిస్క్స్ ప్రోగ్రాము వెయ్యి లెక్కనే చూపిస్తుంది. అందుకే అక్కడ 16కు దగ్గరగా కనిపిస్తుంది.

నిజమైన మోసం వేరే ఉంది. సంతలోనో, ఫోనులో వచ్చే ప్రకటనలోనో చాలా పెద్ద పెన్ డ్రైవు చాలా చవకగా ఇస్తామంటారు. లోపల చిప్పు చిన్నదే ఉంటుంది. కంప్యూటరుకు మాత్రం "నేను పెద్దదాన్ని" అని అబద్ధం చెప్పేలా చేస్తారు. మీరు సరుకు వేస్తూ పోతారు. అది తీసుకున్నట్టే నటిస్తుంది. చోటు నిండాక వేసినవి గాలిలో కలిసిపోతాయి. కొన్నిసార్లు పాతవి కూడా చెడతాయి. ఫార్మాట్ చేసినా ఈ అబద్ధం పోదు. లినక్స్‌లో ఎఫ్ త్రీ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది పెన్ డ్రైవును నిండా నింపి, మళ్లీ చదివి చూస్తుంది. పోసిన కుంచాలూ తీసిన కుంచాలూ సరిపోయాయా అని లెక్క చెబుతుంది. దీనికి చాలాసేపు పడుతుంది. సంఘం డబ్బుతో కొన్న పెన్ డ్రైవులో లెక్కలు వేసే ముందు ఒక్కసారి ఈ పరీక్ష చేయించండి.

పాత పెన్ డ్రైవును ఏం చేయాలి?

పైన ఆపిన సంగతికి వద్దాం. పెన్ డ్రైవును వేరేవాళ్లకు ఇవ్వవలసి వస్తే, ఫార్మాట్ చేసేటప్పుడు పూర్తిగా చెరిపే మీటను నొక్కండి. అప్పుడు కంప్యూటరు అడంగల్‌తో ఆగదు. పొలమంతా సున్నాలతో నింపుతుంది. చాలాసేపు పడుతుంది. పెన్ డ్రైవు పెద్దదైతే గంటలు కూడా పట్టవచ్చు. మధ్యలో పీకవద్దు.

ఇది కూడా నూటికి నూరు పాళ్లు కాదు. పెన్ డ్రైవు లోపల అవసరానికి దాచుకున్న చోటు కొంత ఉంటుంది. దాన్ని కంప్యూటరు చేరలేదు. అందులో పాత ముక్కలు మిగిలి ఉండవచ్చు. అందరి ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు, ఆడపిల్లల ఫొటోలు ఉన్న పెన్ డ్రైవు అయితే ఎవరికీ ఇవ్వవద్దు. అమ్మితే వచ్చే డబ్బు చాలా తక్కువ. పాడైపోతే పైడొప్ప తీసి, లోపలి నల్ల చిప్పును రాయి పెట్టి చితక్కొట్టండి.

లీడరమ్మ మర్నాడు అదే నెట్ సెంటరుకు వెళ్లింది. కాగితాలు అచ్చయ్యాయి. ఆ కంప్యూటరులో వైరస్ ఉంటే పెన్ డ్రైవుకు మళ్లీ అంటుకుంటుందని అమ్మాయి ముందే చెప్పింది. అందుకని లీడరమ్మ అచ్చుకు కావలసిన కాగితాలు మాత్రమే వేరే చిన్న పెన్ డ్రైవులో తీసుకెళ్లింది. సంఘం పెన్ డ్రైవు రేకు పెట్టెలోనే ఉంది. ఇంటికి రాగానే చిన్నదాన్ని అమ్మాయి లాప్‌టాప్‌లో పెట్టి తనే ఫార్మాట్ చేసింది. ఈసారి అమ్మాయి పక్కన కూర్చుని పల్లీలు తింటూ చూసింది, అంతే.

సంఘంలో మాట్లాడుకోండి

మీ సంఘం లెక్కలు ఎన్ని చోట్ల ఉన్నాయి? ఎవరి దగ్గర ఉన్నాయి?

పట్టీలో రెండు డిస్కులు ఉన్నాయి. పెన్ డ్రైవు ఏదో ఎలా తేలుస్తారు?

టీవీలో చూడటానికి 5 జీబీ పెళ్లి వీడియో ఉంది. ఫ్యాట్ 32 పెన్ డ్రైవులో పడుతుందా?

లెక్క చేయండి. పెన్ డ్రైవు 16 జీబీ. ఒక్కో సినిమా 2 జీబీ. ఎనిమిది సినిమాలు పడతాయా, ఏడేనా? అడంగల్‌కు కూడా కొంచెం చోటు కావాలి.